ఆర్‌ఎన్ లైసెన్సు సేవకు నా రేటింగ్: పరీక్షకు అయిదు స్టార్లు, కాగితాలకు ఒకటిన్నర

ఫోన్లకీ, హోటళ్ళకీ పేజీలకు పేజీలు రివ్యూలు రాసేస్తాం గానీ, ఉద్యోగం రావాలా వద్దా అన్నది ఎవరి చేతిలో ఉందో ఆ ఆఫీసుల గురించి ఒక్కళ్ళూ రాయరు. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) లైసెన్సు తీసుకోవడం, ఇంకో రాష్ట్రానికి మార్చుకోవడం, టైమ్‌కి రెన్యువల్ చేసుకోవడం, ఈ మూడింటినీ ఒకే సేవ అనుకుని రాస్తున్నాను. డబ్బులు కడుతున్నాం కాబట్టి సేవే. నేను ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసి, హెచ్4 (హెచ్1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చి, ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) చేతికొచ్చాక ఒక రాష్ట్రంలో మొదటి లైసెన్సు తెచ్చుకున్నాను. తరువాత మా ఆయన ఉద్యోగం మారడంతో ఇంకో రాష్ట్రంలో ఎండార్స్‌మెంట్, అంటే ఉన్న లైసెన్సు మీద అక్కడి లైసెన్సు, అయింది. ఇప్పుడు టెలిమెట్రీ (పేషెంట్ల గుండె లయని మానిటర్ల మీద చూసే) ఫ్లోర్‌లో నైట్ డ్యూటీలు చేస్తున్నాను. నా పనిలో ఇబ్బంది పెట్టిన ఆఫీసుల పేర్లు రాయను, అవి మీకు వేరుగా ఉండొచ్చు కూడా.

చదివే ఓపిక లేనివాళ్ళకి ముందే చెప్పేస్తా. అందరూ వణికిపోయే పరీక్ష ఉంది చూశారూ, ఈ మొత్తంలో సవ్యంగా, మాట ప్రకారం నడిచేది అదొక్కటే. తల ప్రాణం తోకకి తెచ్చేది కాగితాలు. రెన్యువల్ అయితే అసలు పనే కాదు, సీఈ (ఉద్యోగంలో ఉంటూ చేయాల్సిన కోర్సులు) గంటల సర్టిఫికెట్లు చేతిలో ఉంటే బ్రేక్‌లో అయిపోతుంది.

అసలు అమెరికా నర్సు లైసెన్సు అని ఒకటి లేదు. టెక్సాస్ లైసెన్సు ఉంది, న్యూయార్క్ లైసెన్సు ఉంది, ఎవరి నర్సింగ్ బోర్డు వాళ్ళది, ఎవరి ఫీజు వాళ్ళది. పరీక్ష మాత్రం అందరికీ ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్. కాబట్టి మొదటి నిర్ణయం ఏ రాష్ట్రంలో అప్లై చేయాలన్నది, ఇక్కడే సగం కథ తేలిపోతుంది. ఉండే రాష్ట్రంలోనే చేయాలనేం లేదు, కానీ ఉద్యోగం చేసేది ఎక్కడో అక్కడి లైసెన్సు చివరికి కావాల్సిందే.

హెచ్4లో ఉండి సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్ళకి ఈ నిర్ణయం ఇంకా ముఖ్యం. కొన్ని బోర్డులు ఎస్‌ఎస్‌ఎన్ లేకపోతే లైసెన్సు ఇవ్వవు. కాలిఫోర్నియా ఐటిన్ (పన్నుల కోసం ఇచ్చే నంబరు) ఉన్నా తీసుకుంటుంది. న్యూయార్క్ కూడా ఎస్‌ఎస్‌ఎన్ లేదని ఆపదు, బయటి దేశాల్లో చదివిన నర్సులు చాలామంది మొదట అక్కడ అప్లై చేసేది అందుకే. అయితే లైసెన్సు వేరు, పని చేసే అనుమతి వేరు. భర్త గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉంటే హెచ్4 వాళ్ళు ఈఏడీకి అప్లై చేసుకునే వీలు 2015 నుంచి ఉంది, అది రానిదే ఎంత లైసెన్సు ఉన్నా డ్యూటీ ఎక్కలేం. ఈఏడీ వచ్చేదాకా ఆగి అప్పుడు బోర్డు పని మొదలుపెడదాం అనుకునేవాళ్ళని చూస్తే నాకు ఆపలేని చిరాకు. ఈ కాగితాలకి పట్టే కాలం చూశాక ఎవరైనా రెండూ ఒకేసారి మొదలుపెడతారు.

కాలిఫోర్నియా గురించి ఒక మాట. బయటి దేశంలో చదివినవాళ్ళకి అప్లికేషన్ ఫీజే 750 డాలర్లు. దానికి తోడు, క్లాసులో ఒక సబ్జెక్టు చెప్పిన కాలంలోనే దాని క్లినికల్ (ఆసుపత్రిలో ప్రాక్టికల్) కూడా జరిగి ఉండాలని అక్కడి బోర్డు గట్టిగా పట్టుబడుతుంది. థియరీ రెండో ఏడాదిలో, పోస్టింగు మూడో ఏడాదిలో అని ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపిస్తే ఆ భాగం మళ్ళీ చదవమంటారు. జీతాలు చూసి నేరుగా అక్కడికే దూకేముందు మీ కాలేజీ పోస్టింగులు ఏ ఏడాదిలో ఏవి పడ్డాయో కాగితం మీద రాసుకుని చూడండి.

ఇక పేర్లు. ఇది తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చిన తలనొప్పి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. డిగ్రీ సర్టిఫికెట్‌లో అదే అక్షరం ఒక్కోసారి వెనక్కి పోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలోకి వస్తుంది. పెళ్ళయ్యాక పాస్‌పోర్టు మార్పించుకుంటే అక్కడ అత్తారింటి పేరు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో మాత్రం ఇంకా పుట్టింటి పేరు. మనకి ఇది ఒక్క మనిషేనని చూడగానే తెలుస్తుంది. అమెరికా ఆఫీసులో ఫైలు చూసే ఆవిడకి మాత్రం నాలుగు కాగితాల్లో నలుగురు కనిపిస్తారు. ఈ పేర్లన్నీ ఒకరివే అని నోటరీ అఫిడవిట్, మ్యారేజ్ సర్టిఫికెట్, ఈ రెండూ మొదటి రోజే ఫైలులో పెట్టేయాలి, వాళ్ళు అడిగినప్పుడు చూద్దాంలే అంటే ప్రతిసారీ మళ్ళీ క్యూ చివరికి పోతాం. పరీక్ష రోజు కూడా అంతే. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన పేరు, చేతిలో ఉన్న ఐడీ మీద పేరు అచ్చంగా కలవాలి. కలవకపోతే లోపలికి రానివ్వరు, కట్టిన 200 డాలర్లూ పోతాయి, మళ్ళీ రిజిస్టర్ అవ్వాలి. ఇంటిపేరు గడి దగ్గర మాత్రం ఒకటికి పదిసార్లు చూసుకోండి.

ఇప్పుడు ఒకటిన్నర స్టార్ల భాగం. బయట చదివినవాళ్ళ చదువు ఇక్కడి ఆర్‌ఎన్ చదువుకి సమానమేనా అని చాలా బోర్డులు ఒక ఏజెన్సీతో లెక్క వేయిస్తాయి. కోర్సు కోర్సుకీ గంటలు చూసి రిపోర్టు ఇస్తారు. అందరికీ తెలిసిన పేరు సీజీఎఫ్‌ఎన్‌ఎస్, 1977 నుంచి ఉన్న సంస్థ, 2025లో ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది. న్యూయార్క్‌కి కావలసిన పత్రాల తనిఖీ వీళ్ళూ చేస్తారు. ఇంకా కొన్ని ఏజెన్సీలున్నాయి, ఏ బోర్డు ఎవరి రిపోర్టు ఒప్పుకుంటుందో ఆ బోర్డు సైట్‌లోనే ఉంటుంది. నేను చేయించుకున్నది ఎవరి దగ్గరన్నది ఇక్కడ అనవసరం.

చిక్కు ఎక్కడంటే, మార్కుల మెమోలు ఒరిజినల్స్ మన బీరువాలో భద్రంగా ఉన్నా చెల్లవు. కాలేజీ నుంచో యూనివర్సిటీ నుంచో నేరుగా వాళ్ళకి వెళ్ళాలి. నర్సింగ్ కౌన్సిల్ నుంచి రిజిస్ట్రేషన్ వెరిఫికేషన్ కూడా నేరుగానే. మధ్యలో మన చెయ్యి పడితే ఆ కవరు పనికిరాదు. మన వైపు అయితే యూనివర్సిటీ విజయవాడ ఎన్టీఆర్ యూనివర్సిటీనా, వరంగల్ కాళోజీ యూనివర్సిటీనా అన్నది చదివిన ఏడాదిని బట్టి ఉంటుంది. 2014కి ముందు హైదరాబాద్‌లో రిజిస్టర్ అయినవాళ్ళు తమ వెరిఫికేషన్ ఇప్పుడు ఏ కౌన్సిల్ ఇవ్వాలో ముందే కనుక్కోవాలి.

నా తరఫున తిరిగింది మా చెల్లెలు. పాపం, దాని ఓపికకి దండం పెట్టాలి. కాలేజీ ఆఫీసులో ఆ సీటు చూసే ఆయన మంచివాడే, "అమ్మా, మేడమ్‌గారు ఇన్‌స్పెక్షన్ హడావిడిలో ఉన్నారు, సోమవారం రండి" అంటాడు, సోమవారం వెళితే మేడమ్ సెలవు. ఫారంలో మెడికల్, సర్జికల్, ప్రసూతి, పిల్లలు, మానసిక వైద్యం అని విడివిడిగా గడులుంటాయి, ఒక్కోదానిలో థియరీ ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు అని రాయాలి. మా బ్యాచ్ పాత సిలబస్ రిజిస్టరు స్టోర్ రూమ్ నుంచి దించాల్సి వచ్చింది. అన్నీ రాశాక కవరు అంటించి, అంటించిన గీత మీద స్టాంపు సగం మూత మీద, సగం కవరు మీద పడేలా కొట్టాలి, దాని పక్కన సంతకం. ఆయన స్టాంపు కవరు మధ్యలో కొట్టేసి "అయిపోయిందమ్మా" అన్నాడట. మా చెల్లెలు వదల్లేదు, కొత్త కవరు తనే కొని తెచ్చి, ఎక్కడ కొట్టాలో వేలు పెట్టి చూపించి మరీ కొట్టించింది, వీడియో కాల్‌లో ఇటు నుంచి నేను చూస్తున్నాను.

అంతా చేసి కొరియర్ చేస్తే, కొరియర్ వాళ్ళ ట్రాకింగ్‌లో డెలివర్డ్ అని, తీసుకున్నవాళ్ళ సంతకంతో సహా కనిపిస్తోంది. ఏజెన్సీ పోర్టల్‌లో మాత్రం ట్రాన్‌స్క్రిప్ట్ పక్కన అదే ఎర్ర అక్షరాల్లో "నాట్ రిసీవ్డ్". ఫోన్ చేస్తే పాట, పాట తరువాత మీ కాల్ మాకు ముఖ్యం, మళ్ళీ పాట. మనిషి దొరికితే ఆమె కూడా నాకు కనిపించే స్క్రీనే చూసి నాకే చదివి వినిపిస్తుంది. వచ్చిన కవర్లు తెరవడానికి వాళ్ళకి వారాలు పడుతుందట, ఆ మాట పోర్టల్‌లో ఒక్క లైను రాస్తే చాలు, మనకి ఆ టెన్షన్ ఉండదు. తీరా తెరిచాక మానసిక వైద్యం గడిలో క్లినికల్ గంటలు సరిగ్గా కనిపించడం లేదని తిప్పి పంపారు. గంటలు ఉన్నాయి, స్టాంపు సిరా దాని మీద పడింది, అంతే. మళ్ళీ కాలేజీ, మళ్ళీ మేడమ్, మళ్ళీ మా చెల్లెలు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. ఇంత పట్టుదల ఎందుకని నేనూ విసుక్కున్నాను గానీ, 2023 జనవరిలో ఆపరేషన్ నైటింగేల్ అని వార్తల్లో వచ్చింది గుర్తుందా? ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ స్కూళ్ళ పేరు మీద సుమారు 7,600 దొంగ డిప్లొమాలు అమ్మారని తేలింది. అలా కొనుక్కున్నవాళ్ళలో కొందరు పరీక్ష పాసై ఆసుపత్రుల్లో చేరారు కూడా. రేపు మన అమ్మకో నాన్నకో ఐసీయూలో ఇన్సులిన్ డ్రిప్ సెట్ చేసే మనిషి చదివిందో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా. కాబట్టి తనిఖీ మీద నాకు ఫిర్యాదు లేదు. తనిఖీ ఎంతవరకు వచ్చిందో చెప్పకపోవడం మీదే.

బోర్డు ఫైలు సరే అన్నాక ఏటీటీ వస్తుంది, అంటే పరీక్ష రాసుకోమని అనుమతి. దానికి గడువు ఉంటుంది, సగటున 90 రోజులు, దాటితే మళ్ళీ కట్టాలి. పరీక్ష పియర్సన్ వ్యూ సెంటర్లలో. ఇండియాలో ఉన్నవాళ్ళు హైదరాబాద్‌లోనే రాయొచ్చు, కాకపోతే అమెరికా బయట రాస్తే 200కి పైన ఇంకో 150 డాలర్లు, పన్ను అదనం.

పరీక్ష సెంటర్ అనుభవం నిజంగా అయిదు స్టార్లది. లోపలికి వెళ్ళేముందు అరచేయి ఒక చిన్న స్కానర్ మీద పెట్టమంటారు, అది చేతిలోని సిరల ఆకారం పట్టుకుంటుంది. జేబులు బయటికి తీసి చూపించాలి, కళ్ళజోడు తీసి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూస్తారు. బ్రేక్‌కి బయటికొచ్చి మళ్ళీ వెళ్ళేటప్పుడూ అరచేయి పెట్టాల్సిందే. ఎవరూ కసురుకోరు, ఎవరూ తొందర పెట్టరు, చెప్పిన టైమ్‌కి మొదలైంది. ఈ మొత్తం వ్యవహారంలో నాతో ఒక మనిషి ఎదురుగా నిలబడి, ఇప్పుడు ఏం జరుగుతుందో ముందే చెప్పి చేసిన చోటు ఇదొక్కటే.

పరీక్ష తీరు తెలియని వాళ్ళకి: కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, మొత్తం అయిదు గంటలు. వాటిలో 15 మార్కులకి లెక్కలోకి రావు, ఏవో మనకి తెలియదు. కంప్యూటర్ మన జవాబుల్ని బట్టి తరువాతి ప్రశ్న ఎంచుతుంది, సరిగ్గా చెబుతున్న కొద్దీ కష్టమైనవి ఇస్తుంది. పాస్ గీతకి మనం పైన ఉన్నామో కింద ఉన్నామో 95 శాతం నమ్మకం కుదరగానే ఆగిపోతుంది. అందుకే 85 దగ్గర స్క్రీన్ ఆగిందంటే పాస్ అనుకోవడం, 150 దాకా వెళ్ళిందంటే ఫెయిల్ అనుకోవడం రెండూ ఉత్త మాటలే. 2023 ఏప్రిల్ నుంచి కొత్త రకం వచ్చింది, కేస్ స్టడీలు. ఒక పేషెంటు చార్టు తెరుస్తారు, నర్సు నోట్సు, వైటల్స్, ల్యాబులు ట్యాబుల్లో ఉంటాయి, దాని మీద ఆరు ప్రశ్నలు వరసగా. ఇలాంటివి మూడు తప్పకుండా వస్తాయి. కొంతవరకు సరిగ్గా పెడితే కొన్ని మార్కులు ఇస్తారు, పాత పద్ధతిలో ఇది లేదు. నాకు ఇవే నచ్చాయి. ఎందుకంటే ఇది నిజంగా మనం డ్యూటీలో చేసే పని, వందల సంగతుల్లో ఇప్పుడు డాక్టర్‌కి ఫోన్ చేయాల్సింది ఏదో పట్టుకోవడం. ఇండియాలో వార్డులో పనిచేసినవాళ్ళకి జబ్బు తెలుస్తుంది, తడబడేది ఎక్కడంటే ఎవరికి ఏ పని అప్పగించాలన్న ప్రశ్నల్లో. ఇక్కడ ఎల్‌పీఎన్ (ఆర్‌ఎన్ కింద పనిచేసే నర్సు) ఏం చేయొచ్చు, నర్సింగ్ అసిస్టెంట్ ఏం చేయకూడదు అన్నది విడిగా కూర్చుని నేర్చుకోవాలి, మన వార్డుల అలవాటుతో జవాబు పెడితే పోతుంది.

ఫలితానికి అధికారికంగా బోర్డు చెప్పాలి. చాలా రాష్ట్రాల్లో రెండు పనిదినాల తరువాత 7.95 డాలర్లు కడితే అనధికార ఫలితం చూపిస్తారు, ఈ మొత్తం ఖర్చులో నేను మనసారా కట్టింది ఇదే. మళ్ళీ రిజిస్టర్ అవుదామని కార్డు నంబరు కొట్టి, ఏ పాప్-అప్ వస్తుందో చూసి పాసా ఫెయిలా అని జోస్యం చెప్పుకునే అలవాటు నర్సుల్లో ఉంది. చేసేవాళ్ళు చేస్తారు, కార్డు మీద నిజంగా 200 పడిపోతే ఏడవొద్దు. ఫెయిలైతే 45 రోజులాగి మళ్ళీ రాయాలి, ఏయే విభాగాల్లో వెనకబడ్డామో ఒక రిపోర్టు ఇస్తారు.

నేర చరిత్ర తనిఖీ కోసం ఇచ్చే వేలిముద్రల గురించి ఎవరూ ముందు చెప్పరు. మనం రోజంతా చేతులు కడిగి, శానిటైజర్ రుద్ది, వేళ్ళ గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషన్ పట్టుకోదు, లేదా పట్టుకున్నా ఎఫ్‌బీఐ వాళ్ళు స్పష్టంగా లేవని తిప్పి పంపుతారు. నాదీ అదే తంతు. వెళ్ళే ముందు కొన్ని రోజులు రాత్రిపూట బాగా లోషన్ రాసుకోండి, ముద్రలు ఇచ్చే రోజు మాత్రం రాయకండి. రెండుసార్లు తిరిగొస్తే పేరుతో తనిఖీ చేయించే వీలుంది, బోర్డుని అడిగితేనే చెబుతారు.

తరువాత రాష్ట్రం మారడం. మళ్ళీ పరీక్ష రాయక్కర్లేదు, ఎండార్స్‌మెంట్ అంటారు. పాత లైసెన్సు వెరిఫికేషన్ నర్సిస్ అనే సైట్‌లో 30 డాలర్లు కడితే కొత్త బోర్డుకి ఆన్‌లైన్‌లోనే చేరుతుంది. ఇంత బాగా పనిచేసే సైట్ ఉన్నప్పుడు మిగతా కాగితాలు ఎందుకు కవర్లలో తిరుగుతున్నాయో ఆ దేవుడికే తెలియాలి. నా రెండో బోర్డు, మొదటి బోర్డు చూసి ఒప్పుకున్న అదే చదువు రిపోర్టుని మళ్ళీ అడిగింది. అదే ఏజెన్సీ అదే రిపోర్టు ఇంకో కాపీ పంపడానికి మళ్ళీ డబ్బులు తీసుకుంది. ఇక్కడే డ్యూటీ చేస్తున్న మనిషి ఇండియాలో పిల్లల వార్డులో ఎన్ని గంటలు ఉందో ఇంకా లెక్క తేలలేదన్నమాట.

ఈ గోల తగ్గించడానికే కాంపాక్ట్ ఉంది, అంటే ఒకరి లైసెన్సు ఒకరు ఒప్పుకునేలా రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం. 40కి పైగా రాష్ట్రాలు చేరాయి, టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా, నార్త్ కరోలినా, న్యూజెర్సీ అన్నీ ఉన్నాయి, కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్ లేవు. కాంపాక్ట్ రాష్ట్రంలో మన సొంత నివాసం ఉంటే మల్టీస్టేట్ లైసెన్సు ఇస్తారు, దానితో మిగతా కాంపాక్ట్ రాష్ట్రాల్లోనూ పనిచేయొచ్చు. దీనికి ఎస్‌ఎస్‌ఎన్ తప్పనిసరి. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటి, ఒక కాంపాక్ట్ రాష్ట్రం నుంచి ఇంకో కాంపాక్ట్ రాష్ట్రానికి కాపురం మారితే 60 రోజుల్లో కొత్త రాష్ట్రంలో అప్లై చేయాలి, 2024 జనవరి నుంచి ఆ రూలు. మల్టీస్టేట్ ఉంది కదా అని పాత అడ్రస్ మీదే ఏళ్ళ తరబడి లాగించడం కుదరదు. మనవాళ్ళు ప్రాజెక్టు మారినప్పుడల్లా రాష్ట్రం మారుతుంటారు కాబట్టి ఇది మనకే ఎక్కువ తగులుతుంది.

రెన్యువల్‌కి వస్తే, నాలుగున్నర స్టార్లు. నైట్ డ్యూటీలో బ్రేక్‌లో కూర్చుని ఫోన్‌లో లాగిన్ అయ్యాను, అడ్రస్ సరిచూసుకున్నాను, గత రెన్యువల్ తరువాత ఏమైనా కేసులున్నాయా, ఇంకే బోర్డైనా చర్య తీసుకుందా అన్న ప్రశ్నలకి జవాబులిచ్చాను, సీఈ గంటలు పూర్తయ్యాయని టిక్ పెట్టాను, కార్డు కొట్టాను. టీ చల్లారకముందే అయిపోయింది. మర్నాటికి నర్సిస్‌లో కొత్త గడువు తేదీ కనిపించింది. చేతికి కార్డు గట్రా ఏం రాదు, చాలా రాష్ట్రాలు ఇప్పుడు కాగితం ఇవ్వడం లేదు, హెచ్‌ఆర్ వాళ్ళు కూడా ఆన్‌లైన్‌లోనే చూసుకుంటారు.

రాష్ట్రాన్ని బట్టి లెక్క మారిపోతుంది. టెక్సాస్‌లో రెండేళ్ళకోసారి, పుట్టిన నెలలో, 20 గంటలు. అక్కడ మొదటి లైసెన్సు మాత్రం పుట్టిన నెలని బట్టి 6 నుంచి 29 నెలల దాకా ఎంతైనా ఉండొచ్చు, కాబట్టి రెండేళ్ళుందిలే అని ధీమా పడకూడదు. కాలిఫోర్నియాలో రెండేళ్ళకి 30 గంటలు, గడువు పుట్టిన నెల తరువాతి నెల ఆఖరి రోజు. ఇల్లినాయ్‌లో అందరికీ ఒకే తేదీ, సరి సంఖ్య ఏడాదుల్లో మే 31, కాబట్టి మే నెలలో సైట్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. న్యూయార్క్‌లో లైసెన్సు ఒకసారి ఇస్తే జీవితాంతం, మూడేళ్ళకోసారి చేసుకునేది రిజిస్ట్రేషన్, మామూలు సీఈ గంటలు అడగరు గానీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ కోర్సు నాలుగేళ్ళకోసారి ఉండాలి. అరిజోనాలో నాలుగేళ్ళకోసారి. పక్కింటి నర్సు చెప్పిన మాట పట్టుకుంటే ఆమెది ఏ రాష్ట్రమో ముందు అడగండి.

సీఈ గంటలకి డబ్బులు పోయక్కర్లేదు. ఆసుపత్రి ఇచ్చే కోర్సుల్లో చాలావరకు ఏఎన్‌సీసీ (నర్సింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉంటుంది, ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ ట్రైన్ అనే శిక్షణ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. బీఎల్‌ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ) కార్డు చూపించి గంటలు అనుకునేవాళ్ళు జాగ్రత్త, టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల అది లెక్కలోకి రాదు. రెన్యువల్ అప్పుడు చాలాచోట్ల సర్టిఫికెట్లు అడగరు, తరువాత ఎప్పుడో ఆడిట్ అని మెయిల్ వస్తుంది. కాలిఫోర్నియా నాలుగేళ్ళు దాచుకోమంటుంది, మిగతాచోట్ల ఎంతో మీ బోర్డు సైట్‌లో చూసుకోండి.

అర స్టార్ ఎందుకు తీసేశానంటే, గుర్తు చేసే పని వాళ్ళ మీద పెట్టుకోలేదు. వస్తే ఒక మెయిల్ వస్తుంది, అదీ స్పామ్‌లోకి. గడువు రోజు అర్ధరాత్రి దాటితే మాత్రం షిఫ్టు మధ్యలో ఉన్నా లైసెన్సు లేనట్టే, ఆసుపత్రి వెంటనే షెడ్యూల్ నుంచి తీసేస్తుంది, పైన ఆలస్య రుసుము. దీనికి మందు నర్సిస్‌లోనే ఈ-నోటిఫై అని ఉంది, నర్సులకి ఉచితం. మన లైసెన్సులన్నీ అందులో ఎక్కిస్తే గడువు దగ్గర పడుతోందని, స్టేటస్ మారిందని అదే మెసేజ్ పంపుతుంది. మా ఫ్లోర్‌లో పదేళ్ళ నుంచి ఉన్నవాళ్ళకే ఇది తెలియదు, మీరు ఈ రివ్యూలోంచి ఇంకేం పట్టుకోకపోయినా ఇదొక్కటి చేసేయండి.

మోసాల సంగతి కూడా చెప్పి ఆపేస్తాను. మీ లైసెన్సు సస్పెండ్ అయింది, కేసు నడుస్తోంది, డబ్బు కడితే ఆపుతాం అని బోర్డు పేరుతో, ఎఫ్‌బీఐ పేరుతో ఫోన్లు వస్తున్నాయి. బోర్డు నంబరే స్క్రీన్ మీద కనిపించేలా చేస్తారు, నకిలీ లెటర్‌హెడ్ ఫ్యాక్స్ చేస్తారు. నర్సు అయిన మనిషికి లైసెన్సు మాటెత్తితే గుండె ఝల్లుమంటుంది, వాళ్ళ పెట్టుబడి ఆ భయమే. ఏ బోర్డూ ఫోన్‌లో డబ్బు అడగదు. ఫోన్ పెట్టేసి, బోర్డు సైట్‌లో ఉన్న నంబరుకి మీరే చేయండి. రెన్యువల్ చేసిపెడతాం అని బోర్డు సైట్‌లా కనిపించే పేజీలు కూడా ఉన్నాయి, అసలు ఫీజు మీద వాళ్ళ సర్వీసు చార్జీ వేసుకుంటారు.

మన కన్సల్టెన్సీల విషయం మాత్రం ఇంకోలా ఉంటుంది, వాళ్ళు మోసమేం చేయరు, నిజంగానే ఫారం నింపుతారు. కానీ కాలేజీకి ఫోన్ చేయాల్సింది మీరే, స్టాంపు కొట్టించాల్సింది మీ ఇంట్లోవాళ్ళే, ఏజెన్సీ పాట వినాల్సిందీ మీరే, ఎందుకంటే మీ ఫైలు గురించి ఏజెన్సీ వాళ్ళు మామూలుగా మీతోనే మాట్లాడతారు. కన్సల్టెన్సీ నింపే ఫారంలో ఉండేది పేరు, అడ్రస్, కాలేజీ పేరు, అంతకు మించి లేదు. ఆ డబ్బుతో మంచి ప్రశ్నల బ్యాంకు ఒకటి కొనుక్కుని, మిగిలింది కొరియర్‌కి ఉంచుకోండి, ట్రాన్‌స్క్రిప్ట్ కనీసం రెండు సెట్లు సీల్ చేయించి ఒకటి కాలేజీలోనే ఉంచమని అడగండి. నా రెండో బోర్డు కాపీ అడిగినప్పుడు మా చెల్లెలికి మళ్ళీ స్టోర్ రూమ్ తెరిపించే పని తప్పింది దానివల్లే.